అక్క బండి

గొట్టంతో నీళ్లు కొట్టి, గరుకు చీపురుతో పాచి గీకుతూనే లమ్మీ ఓరకంట ఆ బండిని చూస్తోంది. రేవు గట్టు మీద వరుసగా ఆగిన, పడకా వంటా లోపలే ఉండే ఇంటిబండ్లలో చిట్టచివరిది, నీళ్ల వైపు ముఖం పెట్టి ఉన్నది, ఆమె అక్క గెసీనాది. రాత్రి వచ్చింది. ఎంత ఆలస్యంగా వచ్చినా సరే, మంచి చోటు గెసీనా కోసమే ఖాళీగా ఉంటుంది.

లమ్మీకి అరవై దాటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. బ్లీచింగ్ నీళ్లలో నాని వేళ్ల కొసలు పాలిపోయాయి, గోళ్ల చుట్టూ చర్మం చీలింది. భర్త పోయాక పురపాలక సంఘం ఇచ్చిన పని ఇది. బండ్లవాళ్ల స్నానాల గదులు కడగాలి, వాళ్లు బండి మరుగుదొడ్ల పెట్టెలు తెచ్చి ఒంపుకునే గుంట వాసన రాకుండా చూడాలి. ఒకప్పుడు చేపల బుట్టలు దింపిన గట్టు మీద ఇప్పుడు పరాయివాళ్లు కుర్చీలు వేసుకుని నీళ్లు చూస్తూ కూర్చుంటారు.

చిన్నప్పుడు నాన్న ఇద్దర్నీ పడవ ఎక్కించాడు. లమ్మీ కడుపులో తిప్పి వల మీదే కక్కింది. ఆమెని మళ్లీ ఎక్కించలేదు. అప్పట్నుంచీ ఆమె పని ఒడ్డు మీదే, చిరిగిన వలలు కుట్టడం. సాయంత్రం అక్క ఎర్రటి బుగ్గలతో, జుట్టు నిండా నీటి వాసనతో దిగేది. ఇద్దరిదీ ఒకే మంచం. ఆ వాసన ముక్కుకి తగులుతుంటే లమ్మీకి నిద్ర పట్టేది కాదు.

బండి తలుపు తెరుచుకుంది.

"ఏమే లమ్మీ! కాఫీ పెట్టాను, రావే!"

"పనిలో ఉన్నాను."

"నీ పని ఎక్కడికి పోతుందే?"

"నీలాగా ఊళ్లు పట్టుకు పోదులే."

గెసీనా పెద్దగా నవ్వింది. మొగుడు పోయిన ఏడాదికే ఇల్లు అమ్మేసి ఈ బండి కొంది. మతి పోయిందని ఊరంతా అంది. ఇప్పుడు ఆ ఊరే ఆమె కబుర్ల కోసం చుట్టూ మూగుతుంది. కాసేపటికే గట్టు చివర చేపల దుకాణం నుంచి లుబ్బర్ట్ కాగితంలో చుట్టిన మలుగు చేప పట్టుకొచ్చాడు. తెల్లవారుజామున పొగబెట్టినది.

"నీకోసమే లావుపాటిది దాచాను గెసీనా. పోర్చుగల్‌లో దొరికిందా ఇలాంటిది?"

"దొరికితే నీ మొహం చూడ్డానికి ఇంత దూరం ఎందుకొస్తాను?"

లుబ్బర్ట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. లమ్మీ చీపురు ఆగింది. ఏళ్ల తరబడి అతని దుకాణం ముందు ఊడుస్తోంది. అతను ఏనాడూ తోక ముక్కైనా చేతిలో పెట్టలేదు.

తిన్నగా వాళ్ల దగ్గరికి నడిచింది. "కుర్చీలు తెల్లగీత దాటకూడదు. బోర్డు ఉంది కదా, చదువుకోలేదా?"

"అబ్బో, అధికారిణిగారు వచ్చారు!" అన్నాడు లుబ్బర్ట్.

గెసీనా కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఎదురు చెప్పినా బాగుండేది.

మధ్యాహ్నం లమ్మీ స్నానాల గదిలో కుళాయిలు తోముతుంటే గెసీనా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సాయంత్రం డెన్మార్క్‌కి బయల్దేరుతున్నానే. నువ్వూ రా. బండిలో రెండో పడక ఖాళీగానే ఉంది."

లమ్మీ తోమడం ఆపింది. ఇన్నేళ్లలో అక్క తనతో ప్రయాణానికి పిలవడం ఇదే మొదలు. ఈ మాట కోసం ఎన్ని వేసవులు ఆ బండి చుట్టూ తిరిగిందో ఆమెకే తెలుసు. కానీ నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"జాలిపడుతున్నావా?"

"జాలేంటే?"

"పాయిఖానాలు కడిగే చెల్లెల్ని ఊళ్లు తిప్పుతున్నానని లుబ్బర్ట్‌కి చెప్పుకోవడానికా? నాకేం అక్కర్లేదు. ఇంకెవర్నైనా చూసుకో."

"సరేలే," అని గెసీనా వెళ్లిపోయింది.

మళ్లీ వచ్చి అడుగుతుందని లమ్మీ తోమిన కుళాయినే తోముతూ కూర్చుంది. అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా తల ఎత్తింది. ఎవరెవరో వచ్చారు, చేతులు కడుక్కుని పోయారు.

పని ముగించి ఇంటికి వెళ్లి అటక మీది సంచీ దించింది. చర్చికి వేసుకునే నీలం కోటు, రెండు జతల బట్టలు, ఇంట్లో తొడుక్కునే చెప్పులు సర్దింది. పైన, అక్కకి ఇష్టమైన నల్లటి అతిమధురం బిళ్లల పొట్లం. మెట్లు దిగుతూ పైకే అనుకుంది: "ఏదో పిలిచావు కదా అని వస్తున్నా, అంతే."

రేవు చేరేసరికి బండి ఇంజను నడుస్తోంది. ముందు రెండో సీట్లో ఎదురింటి ట్రూస్ కూర్చుని ఉంది, తలకి గుడ్డ కట్టుకుని, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని.

"చూశావా లమ్మీ నా అదృష్టం! మీ అక్క అడిగిందో లేదో, గంటలో సర్దేసుకుని వచ్చేశాను!"

గెసీనా కిటికీలోంచి వంగి చూసింది. "ఆ సంచీ ఏంటే?"

"తుడిచే గుడ్డలు. ఉతకడానికి తీసుకెళ్తున్నా."

"లమ్మీ..."

"వెనక బండివాడు ఆగి ఉన్నాడు. నీకోసం ఎంతసేపు ఆగుతాడు? తియ్యి."

గెసీనా ఇంకా చూస్తూనే ఉంది. వెనకవాడు హారన్ కొట్టాడు. బండి కదిలింది. ట్రూస్ చెయ్యి బయటికి పెట్టి ఊపింది, వంతెన మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. లమ్మీ కూడా ఊపింది.

సంచీ భుజం మార్చుకుంటుంటే కనిపించింది, జిప్పు పూర్తిగా పట్టలేదు. నీలం కోటు చెయ్యి బయటికి వేలాడుతోంది. అక్క అది చూసిందో లేదో.

గట్టు చివర ఖాళీ అయిన చోట, బండి ఒరగకుండా చక్రం కింద పెట్టుకునే పసుపుపచ్చ ప్లాస్టిక్ మెట్ల దిమ్మ ఒకటి, గెసీనా మరిచిపోయినది, పడి ఉంది. దాని మెట్ల మధ్య చక్రం వదిలిన మట్టి ఇంకా తడిగానే ఉంది.