మీరు కోరిన గ్రూపు నిల్వ లేదు

శనివారం మధ్యాహ్నం అక్కావాళ్ళింట్లో భోజనానికి కూర్చుందన్న మాటే గానీ, ఆమె చెయ్యి కంచంలో, చూపు ఫోన్లో. ఊళ్ళోని బ్లడ్ బ్యాంకుకు వెబ్‌సైట్ నడిపేది ఆమె ఒక్కతే. గురువారం సాయంత్రం అందులో ఒక మార్పు చేసింది. అప్పట్నుంచీ ఏదో మరిచిపోయానన్న గుబులు.

“ఆ ఫోన్‌కి కూడా ఓ ముద్ద పెట్టు మరదలా, పాపం ఆకలేస్తోందేమో,” అన్నాడు బావ.

నవ్వబోయేలోగా ఫోన్ మోగింది. బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ.

“ఏమ్మా, నిన్నట్నుంచి అత్యవసరం కింద ఒక్క అర్జీ కూడా రాలేదు. ఊరంతా సుఖంగా ఉందా, మన సైట్‌కే జబ్బు చేసిందా?”

ఆమె కంచం ముందునుంచి లేచిపోయింది. “చెయ్యి కడుక్కునైనా వెళ్ళవే!” అని అక్క అరుస్తూనే ఉంది. ఆమె అప్పటికే మెట్లు దిగేసింది.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది. సైట్‌కి ఎవరు ఏ అడ్రసుతో వచ్చినా, సైట్‌ను నడిపించే ఫ్రేమ్‌వర్క్ అనే సాఫ్ట్‌వేర్, ఏ అడ్రసుకు ఏ పేజీ అని రాసిన తన దారుల జాబితాను పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది. మొదట ఏ వరుసతో సరిపోతే, ఆ వరుసకు కట్టిన స్క్రిప్టుకు, అంటే ఓ చిన్న ప్రోగ్రాముకు, పని అప్పజెప్పి పేజీ తయారు చేయిస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. అంతకన్నా బాగా నప్పేది కింద ఉన్నా చూడదు. గురువారం ఆమె ఒక్కో రక్తం గ్రూపుకు ఒక్కో పేజీ వచ్చేలా కొత్త వరుస చేర్చింది. అడ్రసులో ‘రక్తం’ అన్న మాట తర్వాత ఏమొచ్చినా అది గ్రూపు పేరే అని అందులో రాసింది. ఆ వరుసను ఎక్కడ పెట్టాను? పైనా, కిందా?

బ్లడ్ బ్యాంకు ఆఫీసుకెళ్ళి తెరిచి చూసింది. పైన.

‘రక్తం/అత్యవసరం’ అన్న పాత వరుస దాని కింద ఉంది. దాని దాకా ఎవరూ రాలేదు. ‘అత్యవసరం’ కూడా ఓ గ్రూపు పేరే అనుకుని కొత్త స్క్రిప్టు నిల్వలో వెతికింది. దొరక్కపోయేసరికి, అర్జీ ఫారం కనిపించాల్సిన చోట ఎర్రక్షరాలతో జవాబిచ్చింది: ‘మీరు కోరిన గ్రూపు నిల్వ లేదు.’ గురువారం ఆమె ఎనిమిది గ్రూపుల పేజీలూ తెరిచి చూసుకుంది గానీ, పాత పేజీ జోలికే పోలేదు.

రెండు వరుసలూ అటూ ఇటూ మార్చడానికి అర నిమిషం పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. సైట్ దాచుకునే చిట్టా చూస్తే, రెండు రోజుల్లో ఆ పేజీని ముప్ఫై ఒక్కసార్లు అడిగారు. ఫారమే రాలేదు గనక పేర్లు లేవు, నంబర్లు లేవు. అందులో ఏడుసార్లు ఒకే ఫోన్ నుంచి, ఈ ఉదయం, తొమ్మిది నిమిషాల్లో.

కాలుగాలిన పిల్లిలా గదంతా తిరగసాగింది.

“కూర్చోమ్మా, నిన్ను చూస్తే నాకే కళ్ళు తిరుగుతున్నాయి,” అంది డాక్టరమ్మ.

“ఎవరో ఏడుసార్లు అడిగారండీ. ఏడుసార్లూ లేదన్నాను.”

తిట్టినా బాగుండేది. ఈ ఉదయం రక్తం కోసం తిరిగినవాళ్ళెవరైనా ఉన్నారా అని డాక్టరమ్మ ఆసుపత్రులకు వరసగా ఫోన్లు చేసింది. అయిదో చోట నర్సు గుర్తుపట్టింది. ప్రసూతి వార్డులో ఒకాయన పొద్దున ఫోన్ చూసి గోడకు తల బాదుకున్నాడట. ఆయన్ని అడిగి నంబరిచ్చింది.

ఆ నంబరుకు తనే ఫోన్ చేసింది.

“బ్లడ్ బ్యాంకు నుంచండీ. పొద్దున మా సైట్లో రక్తం లేదని వచ్చింది కదా. అది నిజం కాదండీ. తప్పు నాది. నేను రాసిందాంట్లోనే తప్పుంది.”

“మా ఆవిడ గట్టెక్కింది,” అన్నాడాయన. “నాతో పనిచేసేవాడు పరుగున వచ్చి రక్తం ఇచ్చాడు. వాడు లేకపోతే?”

మిగతావాళ్ళెవరో, వాళ్ళకు అలాంటి మనిషి దొరికాడో లేదో తెలుసుకునే దారి ఆమెకు లేదు.

“సరే, ఇప్పుడు నిజంగా ఉందా?” అన్నాడతను. “మా పక్క మంచం అమ్మాయికి ఓ నెగటివ్ కావాలట. వాళ్ళమ్మ ఇందాకట్నుంచి ఏడుస్తోంది.”

“లైన్లోనే ఉండండి,” అని, ఫోన్ చెవికి అదుముకుని, రక్తం భద్రపరిచే గదివైపు పరుగెత్తింది.