వ్యాను మీద ఎండ

రాజాం సంతలో చేపలు అమ్ముకొచ్చాక, బ్యాటరీకి ఛార్జి ఎక్కడానికి వ్యానును ఇంటి ముందు ఎండలో నిలబెట్టి నేను పడుకుంటాను. అందులోని ఫ్రీజరు సోలారుతోనే నడుస్తుంది. కొన్నాళ్లుగా అది చల్లబడటం లేదు. ప్యానెళ్లు చాలడం లేదనుకుని పైన మరో రెండు బిగించాను. అయినా అంతే. ఫ్రీజరే పాడైపోయిందని హడలిపోయాను.

ఇవాళ మధ్యాహ్నం చిరాకెత్తి వ్యాను పైకెక్కాను. ప్యానెళ్ల నిండా నెత్తళ్ల చేపలు ఆరేసి ఉన్నాయి!

ఫ్రీజరుకేం కాలేదని ప్రాణం లేచొచ్చింది. అయినా నా పెళ్లాం మీద అరవకుండా ఉండలేకపోయాను.

"ఒసే కూర్మమ్మా, ఇదేటే?"

"ఇసక అంటకుండా బలే ఎండతన్నాయి మావా. జాగా సాల్లేదని నేనంటేనే కదేటి, నువ్వు మరో రెండు బిగించినావు?"