సోడాకొట్టు వెనక గది

1970 వేసవిలో రేపల్లె రిటైర్డ్ లెక్కల మాస్టారు యేసుదాసుగారికి షుగరు ముదిరింది. మాత్రలు పనిచెయ్యడం లేదు, ఇక రోజూ ఇన్సులిన్ సూది వేయించుకోవాల్సిందే అన్నాడు డాక్టరు. మందులషాపులో సీసా ధర విని, అంత పెట్టి బతకడం అనవసరమని మాస్టారు తేల్చేశారు. ఆయన భార్య ప్రేమకుమారికి ఆ లెక్క నచ్చలేదు.

ఆవిడ మర్నాడే పాసెంజరు బండెక్కి తెనాలి వెళ్ళింది. అక్కడి హోల్‌సేల్ వ్యాపారి పది సీసాల పెట్టె మొత్తం కొంటే మూడోవంతు తగ్గిస్తానన్నాడు. విడిగా అమ్మనన్నాడు. పది సీసాలు మాస్టారొక్కరికే అయితే అయిదు నెలలొస్తాయి. ఈ ఎండల్లో అన్నాళ్ళు మందు చెడకుండా ఉండదు. అంటే ఇంకో ముగ్గురు షుగరువాళ్ళు కావాలి.

చిక్కేమిటంటే, ఆ రోజుల్లో రేపల్లెలో షుగరున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరిని కదిపినా అరుగుదల సరిగ్గా లేదనేవాళ్ళు.

ఒక్క ధనమ్మ మాత్రం దాచలేదు. నిజాంపట్నం నుంచి చేపల తట్టతో వచ్చే ఆ మనిషి, "నాకుందమ్మగారూ. సూది కొనలేక మానేశాను" అంది.

మిగిలిన ఇద్దరూ రేపల్లెవాళ్ళే గాని, బాపట్లలో ఒక పెళ్ళిలో దొరికారు. ప్రేమకుమారి అడిగి మరీ లడ్డూల పళ్ళెం అందుకుని, బంతి పొడుగునా మొహాలు చూసుకుంటూ వడ్డించింది. రైసుమిల్లు చలపతిరావు వద్దంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ అటు తిరగ్గానే పక్కాయన విస్తట్లోని లడ్డూ తీసుకుని తినేశాడు. తర్వాత గంటలో మూడుసార్లు పందిరి వెనక్కి వెళ్ళొచ్చాడు. పాస్టరు అంద్రెయగారు తాను ఉపవాసమన్నారు. అప్పటికి ఆయన విస్తట్లో నాలుగు గారెలున్నాయి.

చేతులు కడుక్కునే చోట ఆవిడ ఇద్దరినీ పట్టుకుని పెట్టె సంగతి చెప్పింది.

"మెల్లగా మాట్లాడమ్మా, మా వియ్యంకుడు ఇక్కడే ఉన్నాడు," అన్నాడు చలపతిరావు.

పాస్టరుగారు మాత్రం, "ఎంత తగ్గుతుందమ్మా?" అన్నారు.

ప్రేమకుమారి తెనాలి నుంచి పెట్టెని ఊకలో ఐసుముక్కల మధ్య పెట్టి తెచ్చింది. సోడాకొట్టు కొండయ్య తన ఫ్రిజ్‌లో చోటిచ్చాడు. రోజూ పొద్దున్నే కాంపౌండరు వీరాస్వామి వచ్చి, కొట్టు వెనక గదిలో నలుగురికీ సూదులు వేసేవాడు. ఎవరికీ తెలియకూడదని చలపతిరావు అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు.

తెలియలేదు కూడా. ఊరికి వేరే సంగతి తెలిసింది. మిల్లు యజమానీ, మాస్టారూ, పాస్టరుగారూ తెల్లారకుండా సోడాకొట్టు వెనక దూరి, తొడలు రుద్దుకుంటూ బయటికొస్తున్నారంటే కొండయ్య అక్కడ సారా పోస్తున్నట్టే గదా అనుకున్నారు జనం.

ఒకరోజు పొద్దున చర్చి సంఘపెద్దలు ముగ్గురు గుమ్మంలో నిలబడ్డారు. లోపల ఏం జరుగుతోందని వాళ్ళు పాస్టరుగారిని నిలదీశారు. ఆయన తాగుడు ఒప్పుకుంటే నష్టమా, షుగరు ఒప్పుకుంటే నష్టమా అని నిజంగానే తూచి చూసుకుంటున్నట్టు నేలచూపులు చూస్తున్నారు. చలపతిరావు సోడాబుడ్ల గంపల వెనక కూర్చుండిపోయాడు. నిజం చెప్పేద్దామని ప్రేమకుమారి ముందుకొచ్చింది గాని, ఒట్టు గుర్తొచ్చి ఆగింది.

ధనమ్మ ఆగలేదు. ఆవిడ తట్టలో చేపలు మెత్తబడిపోతున్నాయి.

"సారా లేదు, ఏమీ లేదు అయ్యా. పాస్టరుగారికి షుగరు. నాకూ షుగరే. తొడకి సూది పొడిపించుకుంటున్నారాయన. నమ్మకపోతే చూపించమనండి," అంది.

చూస్తామని ఎవరూ అనలేదు. పాస్టరుగారు తలెత్తి, అవునన్నారు. అన్నాక ఆయన మొహం తేలికపడింది. పెద్దల్లో ఇద్దరు ఏదో గొణిగి వెళ్ళిపోయారు. మూడో ఆయన మాత్రం సోడా కావాలన్న వంకతో వెనకబడి, వీధి ఖాళీ అయ్యాక ప్రేమకుమారి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, పెట్టెలో ఇంకొకరికి చోటుందా?" అన్నాడు.

వానాకాలానికి పదకొండు మందయ్యారు. హోల్‌సేల్ వ్యాపారి ఇంకాస్త తగ్గించి, పెట్టెలు తనే బండికి వేయించడం మొదలెట్టాడు. యేసుదాసు మాస్టారు ఇంకో తొమ్మిదేళ్ళు బతికారు. సూది నొప్పి గురించి ఒక్కరోజూ సణగలేదు గాని, చలపతిరావు తనకంటే ముందు వరసలో నిలబడుతున్నాడని మాత్రం రోజూ సణిగేవారు.