మేనమామకు కబురు

పలాస ఆసుపత్రిలో నర్సమ్మ "నువ్వు తల్లివి కాబోతున్నావమ్మా" అని చెప్పినప్పుడు రోజా నవ్వింది. ఊరికి తిరిగొచ్చే ఆటోలో మాత్రం రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"ఏటే, ఇష్టం లేదేటి?" అన్నాడు కొత్తగా పెళ్లాడిన మొగుడు లోకనాథ్.

"తుపాన్లో సముద్రం ఊళ్లోకొచ్చినప్పుడు తమ్ముడి సెయ్యి వదిలేసినాను బావా. ఆడు కొట్టుకుపోనాడు. ఈ సేతుల్లో బిడ్డనెలా పెడతారు?"

పెళ్లయ్యాక ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదలు. లోకనాథ్ ఆ చేతుల్ని మెల్లగా బయటికి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. జీడిపూల వాసన తియ్యగా వచ్చి వాళ్ల మధ్య కూర్చుంది.

రోడ్డు పక్కన పదేళ్ల పిల్ల ఒకతె జారిపోతున్న తమ్ముణ్ని చంకలోకి ఎగదోసుకుంటోంది.

"అప్పుడు నువ్వెంతుంటావు?"

"ఆ పిల్లంతే." ఆ పిల్ల కనుమరుగయ్యేదాకా రోజా చూసింది. "ఆ మణికట్టు సూసినావా బావా, తామరతూడంత లేదు. సముద్రాన్ని అదెలా ఆపుద్ది, పాపం?"

తన జాలి ఎవరి మీదో అప్పుడు తెలిసిందామెకు. కళ్లు తుడుచుకుంది. ఆటో మబ్బుల మీద పోతున్నట్టుంది.

"రేపు పొద్దున్నే నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెల్లు బావా," అంది. "ఆడు మావయ్యవుతన్నాడని సెప్పాల."