రక్తం తీసే ముందు పస్తు

ఆగండాగండి, అంత కొంపలేం మునిగిపోయాయి, కాస్త కూర్చుని ఇది వినండి. ఒక పెద్దాసుపత్రిలో మెట్ల కింద, చీపుళ్లు పెట్టే గది పక్కన, ఇంకో బుల్లి గది ఉంది. పుట్టుకతోనే కొన్ని రకాల తిండి ఒంటికి పడని పిల్లలకు ఏం తినాలో చెప్పే గది అది. జబ్బు అరుదైనది కదా, గాలీ వెలుతురూ కూడా అరుదుగానే ఉండాలని పైవాళ్లు అనుకున్నట్టున్నారు.

అందులో కూర్చునే డైటీషియన్‌కు పిల్లల తల్లులు పెట్టిన పేరు కాటా మేడమ్. బంగాళాదుంప ముక్కని కూడా బంగారంలా తూచమంటుంది మరి.

అక్కడికొచ్చే పిల్లల్లో ఏడేళ్ల పిడుగు ఒకతె. మాంసకృత్తుల్లో ఉండే ఒక పదార్థాన్ని ఆ పిల్ల ఒళ్లు అరిగించుకోలేదు. అది రక్తంలో పేరుకుంటే మెదడుకే ముప్పు. అందుకని పాలు, గుడ్లు బంద్. తూచి పెట్టిన తిండి, దాంతోపాటు పూటపూటా నీళ్లలో కలిపి తాగే, ఆ పదార్థం తీసేసిన ప్రత్యేకమైన మాంసకృత్తుల పొడి. ఆ పొడి వాసనకి గోడ మీద బల్లి కూడా ఇల్లు ఖాళీ చేస్తుంది.

పెద్ద డాక్టరుగారు ఇప్పుడు రుచికరమైన కొత్త పొడి మీద పరిశోధన చేస్తున్నారు. రుచికరం అన్నది ఆయనే. తాగి చూశారా సార్ అని అడిగితే, తనకి గ్యాస్ట్రిక్ ఉందన్నారు. పరిశోధనలో ఉన్న పిల్లలకి ఆ పొడి ఉచితం. పిడుగు వాళ్ల నాన్న వ్యాను నడుపుతాడు. ఆయన జీతానికి బయట అమ్మే డబ్బా మూత కూడా రాదు. పరిశోధనలోంచి పేరు పోయిందా, పిల్లకి పొడి పోయినట్టే.

చిక్కేమిటంటే, మిగతా పిల్లల రక్తంలో ఆ పదార్థం అంకె దిగుతుంటే పిడుగుది మాత్రం నెలనెలా ఎక్కుతోంది. కాటా మేడమ్ తిండి తగ్గించింది. అంకె ఎక్కింది. ఇంకా తగ్గించింది. ఇంకా ఎక్కింది. తగ్గినవల్లా పిల్ల బుగ్గలే. పెద్ద డాక్టరుగారికీ దిగులు పట్టుకుంది, పిల్ల మీద కాదు, గ్రాఫు మీద.

“ఏమ్మా, ఆ ఒక్క పిల్ల నా గీత మొత్తం వంకర చేస్తోంది. ఇంట్లో దొంగచాటుగా ఏదో పెడుతున్నారు. ఈసారీ దిగకపోతే పేరు తీసెయ్.”

రక్తం తీసే రోజు వచ్చింది. పిడుగుని తీసుకొచ్చింది ఎప్పట్లాగే నానమ్మ. కాటా మేడమ్ పోలీసులా కాకుండా అడుగుదామనుకుని అచ్చం పోలీసులాగే అడిగింది. బిస్కెట్లా, చాక్లెట్లా, పక్కింటివాళ్లా అని. నానమ్మకి పౌరుషం పొడుచుకొచ్చింది. తమ ఇంట్లో పిల్లి కూడా పాలు మానేసిందని ఒట్టేసి చెప్పింది.

ఈ సంవాదం నడుస్తుండగా కసుక్కుమని చప్పుడు. తల్లులకి కొలతలు చూపించడానికి బల్ల మీద పెట్టిన రబ్బరు రొట్టె ముక్కని పిడుగు కొరికేసింది.

“అయ్యో, అది రబ్బరుదే!”

“తెలుసక్కా. నిన్న మధ్యాహ్నం నుంచి నానమ్మ నీళ్లే ఇచ్చింది. రక్తం తీసే ముందు ఎప్పుడూ అంతేగా.”

నానమ్మ గర్వంగా సర్దుకుని కూర్చుంది. “నువ్వే కదా తల్లీ, ముందు రోజు మరీ జాగ్రత్తగా ఉండమన్నావు. అందుకే పొడి కూడా ఆపేశా. దాన్లోనూ మాంసకృత్తులేనటగా.”

కాటా మేడమ్‌కి అప్పుడు అసలు లెక్క తేలింది. కడుపు మాడితే ఒళ్లు చేతులు కట్టుకుని కూర్చోదు, సొంత కండనే కరిగించుకుంటుంది. ఆ కండలోంచి అదే పదార్థం రక్తంలోకి దిగుతుంది. నానమ్మది కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన వైద్యం. ఎక్కిన అంకె చూసి తిండి కోసిన తనదో? అంతకు రెండాకులు ఎక్కువే చదివిన వైద్యం.

ఆ రోజు సూది ముట్టుకోలేదు. పిల్లకి తిండి పెంచింది, పొడి ఒక్క పూట కూడా ఆపొద్దని నానమ్మకి నచ్చజెప్పి పంపింది. మళ్లీ పిలిచి రక్తం తీస్తే అంకె జారుడుబల్ల మీద జారినట్టు దిగింది.

పెద్ద డాక్టరుగారు ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. “చూశావా మన పొడి మహిమ! మొండిఘటాన్ని కూడా దించింది. డాక్టర్ల సభలో మొదట ఈ పిల్ల గీతే చూపిస్తా.”

సొమ్మొకడిది, సోకొకడిది. దించింది కడుపునిండా తిండి, దండ కొత్త పొడికి. నిజం చెబుదామా అంటే, పరీక్ష ముందు పొడి ఆపిన ఇంటివాళ్లని తీసెయ్యాలన్నది ఈ పరిశోధనలో మొదటి నియమం. పోనీ నోరు మూసుకుందామా అంటే, ఆ గీతని నమ్మి రేపు ఎక్కడో ఇంకో డాక్టరు, అంకె ఎక్కిన ఇంకో పిల్లకి ఈ పొడి పోసి చేతులు దులుపుకుంటాడు. ఆ పిల్ల ఏం తిందని ఎవరూ అడగరు.

గది బయట బెంచీ మీద పిడుగు ముక్కు మూసుకుని పొడినీళ్లు గటగటా తాగేస్తోంది. నానమ్మ గ్లాసు వంచి అడుగు చుక్క వరకూ చూస్తోంది.

“ఏమ్మా, గీత కింద నీ పేరు కూడా వేయమంటావా?” అన్నారు పెద్ద డాక్టరుగారు.

కాటా మేడమ్ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం రావాలంటారు? మీరైతే ఏం చెప్పేవాళ్లు?