కలిపిన మేత

ఏసయ్య చేట ఎత్తి ఇంకోసారి చెరిగాడు. తవుడులోంచి రెండు రాళ్లు, ఒక ఇనుప తీగ ముక్క, ఓ కోడి ఈక బయటపడ్డాయి. వాటిని ఏరి పారేసి, తవుడును గోలెంలో తరిగిన జొన్నసొప్ప మీద గుమ్మరించాడు. నానిన పల్లిచెక్క, పిడికెడు ఉప్పు వేసి మోచేతుల దాకా ముంచి కలిపాడు. చివరికి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. చప్పగా ఉంది. మరో పిడికెడు ఉప్పు పడింది.

మేత తన నోటికి బాగుంటేనే ఎద్దు ముందు పెట్టాలనేది ఆయన పట్టుదల. చుట్టుపక్కల కొట్టాలవాళ్లు దానికి నవ్వారు, నవ్వీ నవ్వీ మానేశారు కూడా.

మైలోడని పిలుచుకునే ఆ ముసలి ఎద్దు గోలెంలో మూతి పెట్టింది. బుస్సుమని ఊది, తల పక్కకు తిప్పుకుంది. రెండు రోజులుగా ఇదే వరస.

ఆసామి హరనాథబాబు దూరం నుంచే చూశాడు. చెడ్డవాడేం కాదు. ట్రాక్టరు వచ్చాక జోడీలో ఒక ఎద్దు చచ్చిపోతే, ఈ రెండోదాన్ని ఏసయ్య ముఖం చూసే ఉంచుకున్నాడు. ఆయనకు మాత్రం ఎంత ఓపిక ఉంటుంది?

“పొద్దుగూకేదాక సూస్త ఏసయ్యా. ముట్టకపోతే రేపు బిచ్కుంద అంగడికే,” అన్నాడు.

అంగడికి వెళ్లిన ముసలి ఎద్దు ఎక్కడికి చేరుతుందో ఇద్దరికీ తెలుసు. ఏసయ్య మైలోడి మెడ కింద గోకుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఈమధ్య నిలబడితే ఆయాసం వస్తోంది. అయినా కూర్చోబుద్ధి కాలేదు.

ఆదివారం ప్రార్థనలో వెస్లీ చెప్పింది గుర్తుకొచ్చింది. వెస్లీ బాన్సువాడలో ఏదో ఆఫీసులో పనిచేస్తాడు, ఆదివారాలు వాక్యం చెబుతాడు. మంచికాలం వచ్చిన రోజున దున్నే ఎడ్లు కూడా చెరిగిన మేత, ఉప్పు కలిసిన మేత తింటాయని ప్రవక్త చెప్పాడట. ప్రార్థన అయ్యాక ఏసయ్య అతన్ని గుమ్మం దగ్గర ఆపి, అందులో ఎడ్ల ముచ్చట ఎందుకొచ్చిందని అడిగాడు. మనుషుల సంగతి చెప్పక, ఎద్దు తిండి దేవుడికి ఎందుకు?

వెస్లీ ఫోన్ తీసి కాసేపు చదివాడు. “తాతా, హెబ్రీ భాషల మేత అన్న గా మాటకు ఉత్త గడ్డి అని కాదు. కలిపింది అని అర్థం. ఎవరన్న కూసొని కలిపితేనే దానికి గా పేరు.”

ఆ మాట ఏసయ్య కడుపులో చల్లగా దిగింది. పుట్టినప్పటి నుంచి తను చేసిన పని అదొక్కటే. పొలం లేదు, పేరు లేదు. కానీ ఆ పనికి దేవుడి పుస్తకంలో ఒక మాట ఉంది. అలాంటిది, ఇప్పుడు తను కలిపిందే ఎద్దు ముట్టడం లేదు. ఇంతకన్నా అవమానం ఏముంటుంది?

బీర్కూరు బస్సు పోయిన కాసేపటికి భార్య ముత్తవ్వ సద్ది తెచ్చింది. ఏసయ్య రొట్టె తుంచి పప్పులో అద్దుకుని, ఉప్పెయ్యలేదా అని గొణిగాడు. ముత్తవ్వకు ఒళ్లు మండింది. వారం నుంచి ఇదే సణుగుడు, రోజూ ఇంకాస్త వేస్తూనే ఉంది. కస్సుమనబోయి, గోలెం వైపు చూసి ఆగిపోయింది. లేచి వెళ్లి, మేత చిటికెడు తీసి నోట్లో వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

“ఉప్పు కషాయం లెక్కున్నది. ఎద్దుకేం కాలే. నీ నోటికే రుచి పోయింది.”

ఏసయ్య బిత్తరపోయాడు. తర్వాత నవ్వాడు, పళ్లు లేని నోరంతా తెరిచి. మైలోడికి రోగం లేదు! తన సంగతి ఆ తర్వాత గానీ తట్టలేదు. దవాఖానకు పోదాం పదమని ముత్తవ్వ పట్టుబట్టింది. రేపు పోదాంలే, ముందు వీడి కడుపు చూద్దామన్నాడు.

గోలెం కడిగాడు. సొప్ప తరిగాడు, తవుడు చెరిగాడు, అన్నీ మళ్లీ కలిపాడు. అలవాటుగా పిడికిట్లోకి ఉప్పు తీసుకుని, ఆగి, దాన్ని చేటలో ఓ మూల పెట్టేశాడు.

“నువ్వే ఎయ్యి,” అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో ఆ గోలెంలో ఆమెను చెయ్యి పెట్టనివ్వడం అదే మొదటిసారి. ముత్తవ్వ సంచిలోంచి కొంచెం ఉప్పు తీసి చల్లింది, రుచి చూసింది, తలూపింది. మైలోడు మూతి పెట్టింది, ఇక ఎత్తలేదు. ఏసయ్య గుంజకు ఆనుకుని కూర్చుని ఆ నమిలే చప్పుడు వింటున్నాడు. హరనాథబాబు అటుగా వచ్చి చూసి, ఇగ ఉండనియ్యి అంటూ వెళ్లాడు.

ముత్తవ్వ కుడితి నీళ్లు తెచ్చేసరికి గోలెం ఖాళీ అయింది. ఎద్దు మెడ సాచి, ఏసయ్య ఒళ్లో ఉన్న అరచేతిని నాకుతోంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోవడం లేదు. ఆమె రెండుసార్లు పిలిచింది. తర్వాత బకెట్ కింద పెట్టి, పక్కన కూలబడి, వాలిపోయిన ఆయన రెండో చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

మర్నాడు పొద్దున మేత కలపడానికి ముత్తవ్వే వచ్చింది. గుంజ పక్కన చేట అలాగే ఉంది. దాని మూలన, ఏసయ్య వేయకుండా ఆగిన పిడికెడు ఉప్పు మంచుకు చెమ్మగిల్లి, ఇంకా ఆయన వేళ్ల అచ్చులతోనే ఉంది.