తొట్టి సాక్ష్యం

మూడో వరుస బల్ల కింద అతుక్కున్న చూయింగ్‌గమ్‌ను పాత వెన్నకత్తితో గీకుతోంది డెల్ఫియా. దాల్చినచెక్క వాసన వేస్తోంది కనుక అది సంఘపెద్ద ఎల్డన్ కూట్స్‌ది. అమెరికాలోని కెంటకీ కొండల్లో ఉన్న ఆ చిన్న బాప్టిస్టు చర్చిని ఊడ్చి తుడవడం మొదలుపెట్టి ఆమెకు ఇరవై రెండేళ్లయింది. అందరూ తలలు పైకెత్తి దేవుణ్ని వెతికే చోట ఆమె తల వంచుకుని మనుషుల్ని కనిపెట్టింది. ప్రసంగం రాసుకున్నట్టు నటిస్తూ అంగడి సరుకుల జాబితా రాసుకునేదెవరో, గోళ్లు కొరికి పాటల పుస్తకంలో దాచేదెవరో ఆమెకు తెలుసు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. కణుపులు ఉబ్బిన వేళ్లు, బ్లీచింగ్‌కు తెల్లబడ్డ వేలికొసలు. పోయిన మొగుడి చొక్కా చేతులు మడిచి తొడుక్కుంటుంది. చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఉంటుంది. పని ఉన్నన్నాళ్లే ఆ ఇల్లు.

గమ్ గీకడం అయ్యాక బల్లల మీద ఎల్డన్ పార్టీ ఎన్నికల కరపత్రాలు సర్దింది. పోయిన ఆదివారం పాస్టరు టేబర్ వాటిని తీసేయమన్నాడు, తీసేసింది. శనివారం ఎల్డన్ పెట్టమన్నాడు, పెట్టింది. నాలుగు వారాలుగా ఇదే వరస. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆమె చేతులతో పోట్లాడుకుంటున్నారు.

ఆ ఆదివారం ఆరాధన తర్వాత సంఘ సమావేశం జరిగింది. పాస్టరు ఉండాలా, పోవాలా అన్నదే విషయం. ఆయన చేసిన నేరం, రాకూన్ వాగు కోసం ప్రార్థన చేయించడం. బొగ్గు కడిగే వాషరీ వచ్చిన దగ్గర్నుంచి ఆ వాగు తుప్పు రంగులో పారుతోంది. సంఘంలో సగం మగవాళ్ల జీతాలు ఆ వాషరీలోనివే.

"దేవుడు ఆఖరికి ఈ భూమిని అగ్నితో కాల్చేస్తానన్నాడు," అన్నాడు ఎల్డన్. "కాలిపోయేదాన్ని కడిగి ఏం చేస్తారు పాస్టరుగారూ?"

"పాస్టరుగారికీ వాగుకీ పెళ్లి చేసేద్దాం," అన్నారెవరో వెనక నుంచి.

"విందుకేం పెడతావురా? అందులో చేపలు కూడా లేవు."

అందరూ నవ్వారు. తమ చచ్చిన వాగును చూసి తామే నవ్వుకోగల జనం వాళ్లు.

"నేను ఏ పార్టీ మాటా ఎత్తలేదు. నీళ్లు బాగోలేవన్నాను, అంతే," అన్నాడు టేబర్.

"నీళ్లు బాగోలేవనడమే అవతలి పార్టీ మాట." ఎల్డన్ వేదిక వెనకున్న తెర వైపు చెయ్యి చూపించాడు. దాని వెనకే బాప్తిస్మపు తొట్టి ఉంది. "వాషరీ వచ్చి తొమ్మిదేళ్లయింది. మన బావి నీళ్లే ఆ తొట్టిలో పోస్తాం. ఇన్నేళ్లలో మురికి నీళ్లలో మునిగినవాడు ఒక్కడున్నాడా? అద్దంలా ఉంటాయి. ఆ తొట్టే సాక్ష్యం. ఏం సిస్టర్ డెల్ఫియా, నింపేది నువ్వేగా?"

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు లేచి, తాగుడు ఎలా మానారో, నడుంనొప్పి ఎలా తగ్గిందో సాక్ష్యం చెబుతారు. ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆమెను ఎవరూ అడగలేదు.

"నేనే నింపుతాను," అంది.

"విన్నారుగా," అన్నాడు ఎల్డన్.

పాస్టరు పోవాలనేవాళ్లను లేచి నిలబడమన్నారు. ఏడుగురు తప్ప అందరూ లేచారు. ఆమె కళ్ల ముందు రెండు గదుల ఇల్లు మెదిలింది. లేచింది. మోకాళ్లు టక్కుమన్నాయి.

సాయంత్రం ఎల్డన్ మనవరాలు కెన్లీకి బాప్తిస్మం ఇచ్చి వెళ్లిపోతానన్నాడు టేబర్.

వాషరీ వచ్చిన ఏడాదే బావి చెడింది. అప్పుడు తొట్టి నింపితే తుప్పు తేలింది. సిగ్గేసి పారబోసింది డెల్ఫియా. టౌనులో ఫైరింజన్ ట్యాంకరు తోలే మరిదిని బతిమాలి మంచి నీళ్లు పోయించింది. అప్పట్నుంచీ ప్రతిసారీ అంతే. ఎవరూ చూడలేదు. పనిమనిషి పని శుభ్రంగా ఉన్నంతకాలం ఎవరి కంటా పడదు. వాగు మీద మూడు ప్రసంగాలు చేసిన పాస్టరు కూడా, తను నడుంలోతు నిలబడే నీళ్లు ఎక్కడివని అడగలేదు.

మధ్యాహ్నం ఆ మరిది వర్జిల్ ఫోను చేశాడు. "వదినా, బయల్దేరుతున్నా."

"ఇవాళ వద్దు."

"బాప్తిస్మం లేదా?"

"ఉంది."

"మరి నీళ్లో?"

"ఇక్కడున్నాయిగా."

"ఆ ఇల్లు ఊడుతుంది వదినా."

"ఊడితే మీ ఇంట్లో పడుకుంటాను. నీ గురక భరించలేనా?"

పంపు తిప్పింది. అది రెండుసార్లు దగ్గి, పాలు లేని టీ రంగు నీళ్లు కక్కింది. కుళ్లిన గుడ్ల వాసన. తొట్టి నిండేసరికి ఐదయింది.

ఆరింటికి తెర లాగారు. పాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరు పోశారీ నీళ్లు?" అన్నాడు ఎల్డన్.

"నేనే. మన బావివే." డెల్ఫియా గోడ పక్కన నిలబడి ఉంది. "ఇన్నేళ్లూ మీరు మునిగినవి టౌను నీళ్లు. ట్యాంకర్లో తెప్పించేదాన్ని."

కెన్లీ ముక్కు మూసుకుంది. "తాతయ్యా, కంపు."

"ఏం కంపూ లేదు. దిగు."

"నేను ముంచను," అన్నాడు టేబర్.

పిల్ల తల్లి దగ్గరికి పరుగెత్తింది. ఎల్డన్ చుట్టూ చూశాడు. నీళ్లు బాగోలేవని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆ నోట్లో పుట్టలేదు. కొక్కేనికున్న తెల్లటి బాప్తిస్మపు అంగీని సూటు మీదే వేసుకుని, మెట్లు దిగి, నడుంలోతు నీళ్లలో నిలబడ్డాడు.

"చూడండి. ఏమైంది నాకు?"

"ఆమెన్," అన్నారు ఆయన కొడుకులు. తర్వాత మిగతావాళ్లు అన్నారు.

డెల్ఫియా సామాను రెండు పెట్టెల్లో పట్టింది. వర్జిల్ బండి కోసం మెట్ల మీద కూర్చుని ఉంటే టేబర్ కారు ఆపాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు సిస్టర్?"

"మీరూ అడగలేదు పాస్టరుగారూ."

ఆయన తల వంచుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి ఆమె కూడా వెళ్లిపోయింది.

తొట్టి పక్క గదిలో అంగీ కొక్కేనికి వేలాడుతోంది. నడుం దాకా తుప్పు రంగు, ఆపైన తెలుపు. అంచు నుంచి చుక్కలు పడుతున్న ఆ నేలను తుడిచేవాళ్లు లేరు.